కన్ను చూసింది, చేయి చేసింది, మనసు మరిచింది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

గత సంచికలో చూపు గురించి నాలుగు మాటలు రాసి, సందేహాలుంటే ఉత్తరం రాయమన్నాను. కళ్లద్దాల నంబర్ల గురించి, కళ్ల మంటల గురించి అడుగుతారనుకున్నాను. కానీ ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ మంది అడిగింది వేరే సంగతి: కంటితో చూసింది కొన్నిసార్లు ఎందుకు యాదికి ఉండదు, ఏమీ ఆలోచించకుండానే చేయి పనిని ఎట్లా చేసుకుపోతుంది అని. ముప్పై ఏళ్లు తరగతి గదిలో మనస్తత్వశాస్త్రం చెప్పినా, ఇంత సూటిగా అడిగిన విద్యార్థులు నాకు తక్కువే. అందులో ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మొదటి జవాబు పొడుగైంది; మిగతావన్నీ దాని మీద ఆనుకుని ఉన్నాయి కాబట్టి ఓపిక పట్టి చదవమని మనవి.

ప్రశ్న: మాది పుట్టపాక. మా నాయనకు 64 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మగ్గం మీదే బతుకు. పేక పోగును, అంటే అడ్డపోగును, మోసే నాడె విసిరిన ప్రతిసారీ ఆ పోగును ఇటు కొంచెం, అటు కొంచెం లాగి, రంగు మీద రంగు కూర్చుంటదా లేదా చూసుకుని మళ్లీ నాడె విసురుతడు. రెప్పపాటు కూడా ఆగడు. "ఎంత లాగాలి నాయనా?" అని అడిగితే "అదేం చెప్తరు బిడ్డా, కనిపిస్తది కదా" అంటడు. మొన్న నేను ఆయన నేసే పాత నమూనాను కాగితం మీద వేయమన్నా. మూడుసార్లు మొదలుపెట్టి, మూడుసార్లు కొట్టేసి, కాగితం పక్కన పెట్టిండు. ఈ మధ్య అద్దాలు ఎక్కడ పెట్టిందీ మరిచిపోతున్నడు. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా అని నాకు భయమైతున్నది.

జవాబు: అమ్మా, మీ భయాన్ని ముందే కొంత తగ్గిస్తాను. నేయగలిగిన మనిషి గీయలేకపోవడం, సరిచేయగలిగిన మనిషి ఎంత సరిచేశాడో చెప్పలేకపోవడం మతిమరుపు కాదు. మెదడులో చూపుకు ఉన్న ఏర్పాటే అటువంటిది.

మనం చూపు ఒక్కటే అనుకుంటాం. కంటి నుంచి వచ్చిన సమాచారం ముందుగా మెదడు వెనుక భాగానికి, అంటే తల వెనుక గుండ్రంగా చేతికి తగిలే చోటుకు, చేరుతుంది. అక్కడి నుంచి అది ప్రధానంగా రెండు దారుల్లో సాగుతుంది. ఒక దారి కిందుగా, చెవుల పక్కన ఉండే భాగాల వైపు పోతుంది. ఇది ఏమిటి, ఇదివరకు చూశానా, దీని పేరేమిటి అని తేల్చే పని ఆ దారిది. జ్ఞాపకానికి దగ్గరి చుట్టం అదే. రెండో దారి పైగా, నడినెత్తి కింది భాగం వైపు పోతుంది. ఆ వస్తువు నా చేతికి ఎంత దూరంలో ఉంది, ఎటు వాలి ఉంది, వేళ్లు ఎంత తెరవాలి అని లెక్కకట్టి చేతికి అందించడం దాని పని. అంగర్‌లైడర్, మిష్కిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1982లో ఈ రెండు దారుల సంగతిని ఒక రూపంలో చెప్పారు. 1992లో గుడేల్, మిల్నర్ అనే మరో ఇద్దరు దానిని సవరించి, ఒకటి తెలుసుకోవడానికి చూసే చూపు, మరొకటి పని చేయడానికి చూసే చూపు అన్నారు. మీ నాయన గారి "కనిపిస్తది కదా" అన్న మాటకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు.

గుడేల్, మిల్నర్‌లు ఆ మాట ఊరికే అనలేదు. 1988లో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పీల్చి మెదడు దెబ్బతిన్న ఒక మహిళను వారు పరీక్షించారు. శాస్త్ర గ్రంథాల్లో ఆమెను డి.ఎఫ్. అనే పొడి అక్షరాలతోనే పిలుస్తారు. ఆమెకు రంగులు తెలిసేవి, వస్తువుల పైన గరుకూ నునుపూ తెలిసేవి గానీ ఆకారం తెలిసేది కాదు. ఎదురుగా ఒక పలకకు సన్నని చీలిక పెట్టి, అది నిలువుగా ఉందా, అడ్డంగా ఉందా, ఏటవాలుగా ఉందా చెప్పమంటే చెప్పలేకపోయేది. చేతిలో ఉన్న అట్టముక్కను ఉన్నచోటనే ఆ వాలుకు తగ్గట్టు తిప్పి చూపమన్నా తప్పేది. అదే అట్టముక్కను పోస్టు డబ్బాలో ఉత్తరం వేసినట్టు ఆ చీలికలో వేయమంటే మాత్రం, చేయి ముందుకు సాగుతూ సాగుతూనే సరైన వాలుకు తిరిగి, ముక్క నేరుగా లోపలికి పోయేది. తెలుసుకునే దారి తెగిపోయింది. చేసే దారి మిగిలింది. దీనికి తలకిందులైన సంగతిని హంగేరీ వైద్యుడు బాలింట్ 1909లోనే రాసిపెట్టాడు: నడినెత్తి కింది భాగాలు రెండు వైపులా దెబ్బతిన్న అతని రోగికి ఎదుటి వస్తువేమిటో తెలుసు, కానీ దాన్ని అందుకోబోతే చేయి పక్కకు పోయేది.

మీ ప్రశ్నకు ఎక్కువ పనికొచ్చేది దీని తరువాతి ముచ్చట. డి.ఎఫ్.కు ఒక వస్తువును చూపించి, రెండు సెకన్లు కళ్లకు కనపడకుండా చేసి, ఆ తరువాత అది ఉన్నట్టే భావించి పట్టుకోమన్నారు. అంతకు ముందు వస్తువు పరిమాణానికి తగ్గట్టు చక్కగా తెరుచుకున్న వేళ్లు, ఈ రెండు సెకన్ల ఎడం రాగానే దారితప్పాయి. చేతికి సాయపడే చూపు ఆ క్షణానిది, ఆ క్షణంతోనే పోతుంది. దాచిపెట్టుకునే అలవాటు దానికి లేదు. దాచిపెట్టేది మొదటి దారి. కాబట్టి పోగు ఎదురుగా ఉన్నప్పుడు మీ నాయన గారి చేతికి తెలిసినది, పోగు లేని కాగితం ముందు కూర్చున్నప్పుడు ఆయనకు అందదు. కాగితం మీద గీయాలంటే ఆయన నమూనాను మనసులో నిలుపుకుని, ముక్కలుగా విడదీసి, దేని పక్కన ఏది అని వరుస చెప్పుకోవాలి. ఆ పని ఆయన ఎన్నడూ చేయలేదు, చేయవలసిన అవసరమూ రాలేదు. నేయకముందే నమూనా ప్రకారం కట్టు కట్టి రంగు అద్దిన పోగే ఆయనకు ప్రతి క్షణం నమూనాను చూపిస్తూ వచ్చింది. అయితే ఈ రెండు దారులూ గోడ కట్టినట్టు వేరువేరు కావని, ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూనే ఉంటాయని తరువాతి పరిశోధనలు చెబుతున్నాయి. నేను సులువు కోసం గీత కాస్త మందంగా గీశాను.

చేతి నేర్పుకు, మనసు జ్ఞాపకానికి ఉన్న ఎడాన్ని చూపే మరొక ఉదాహరణ హెన్రీ మొలైసన్‌ది. మూర్ఛ తగ్గించడానికి 1953లో అతనికి మెదడు ఆపరేషన్ చేసి, రెండు వైపులా హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఎక్కువ మేర తీసేశారు. ఆ తరువాత అతనికి కొత్త సంగతి ఏదీ నిలవలేదు. బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త (పైన చెప్పిన మిల్నర్ వేరు) అతని చేత అద్దంలో మాత్రమే చూస్తూ నక్షత్రం బొమ్మ అంచుల వెంట పెన్సిల్ నడిపించారు. అద్దంలో కుడి ఎడమలు, ముందు వెనుకలు తారుమారవుతాయి కాబట్టి మొదట ఎవరికైనా చేయి తడబడుతుంది. అతను మూడు రోజుల్లో ఆ పనిలో ఆరితేరాడు. కానీ మూడో రోజు కూడా, ఈ పని నేను ముందెన్నడూ చేయలేదే అన్నట్టే ఉన్నాడు. చేయి నేర్చుకుంది, మనిషికి ఆ కబురే లేదు.

ఇక మీరు చేయవలసింది. నమూనాను భద్రం చేయాలన్న మీ ఆరాటం మంచిదే, కానీ నాయన గారిని కాగితం ముందు కూర్చోబెట్టకండి. మగ్గం మీద కూర్చున్నప్పుడు, ఆయన భుజం పక్క నుంచి, ఆయన చూసే దిక్కు నుంచే ఫోనుతో వీడియో తీయండి. ఎదురుగా నిలబడి తీస్తే కుడి ఎడమలు మారి, తరువాత చూసి నేర్చుకునేవారికి తిప్పలవుతుంది. చేస్తూ ఉండగానే చిన్న చిన్న ప్రశ్నలు అడగండి. చేయి పనిలో ఉన్నప్పుడు వచ్చే మాటలు, చేయి ఖాళీగా ఉన్నప్పుడు రావు. గ్రాఫ్ కాగితం పని మీరు చేయండి, ఆయన చేత తప్పులు దిద్దించండి. కొత్తగా గీయడం కష్టం గానీ, తప్పుగా గీసినదాన్ని గుర్తుపట్టడం ఆయనకు చిటికెలో పని. అద్దాలు ఎక్కడ పెట్టారో మరిచిపోవడం ఈ వయసులో సాధారణం. తెలిసిన బజారులో దారి తప్పినా, అడిగిన మాటనే గంటలో పదిసార్లు అడిగినా, మగ్గం మీద పని వరుసే తప్పుతున్నా అప్పుడు నరాల డాక్టరుకు చూపించాలి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, గృహిణిని. ముందు గదిలో కూర్చుని ఏదో కావాలని లేచి వంటింట్లోకి పోతాను. దర్వాజ దాటగానే "ఎందుకొచ్చిన్నబ్బా?" అని నిలబడిపోతాను. మళ్లీ ముందు గదికి వచ్చి అదే కుర్చీలో కూర్చుంటే టక్కున యాదికొస్తుంది. మా అత్తమ్మ నవ్వుతుంది. నాకు నలభై కూడా దాటలేదు.

జవాబు: మీ అత్తమ్మ గారిని మరీ గట్టిగా నవ్వవద్దనండి, ఆమెకూ ఇదే జరిగి ఉంటుంది. ఈ అనుభవం మీద అమెరికాలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయానికి చెందిన రాడ్వాన్‌స్కీ బృందం పదేళ్లకు పైగా పరిశోధన చేసింది. కంప్యూటర్‌లో చూపించే గదుల్లోనూ, నిజమైన గదుల్లోనూ మనుషులను నడిపించి, అంతే దూరం ఒకే గదిలో నడిచినవారి కంటే దర్వాజ దాటినవారు చేతిలోని వస్తువు సంగతి ఎక్కువగా మరిచిపోతున్నారని 2011లో ప్రకటించారు. కంటి ముందు దృశ్యం మొత్తం మారిపోయినప్పుడు మెదడు "ఒక ఘట్టం అయింది, మరొకటి మొదలు" అని పాతదాన్ని మూట కట్టి పక్కన పెడుతుందని వారి వివరణ. ఆస్ట్రేలియాలో 2021లో మళ్లీ చేసిన ప్రయోగాల్లో మాత్రం ఇది అంత గట్టిగా కనిపించలేదు. మనసులో అప్పటికే మరో భారం ఉన్నవారికే ఎక్కువగా ఎదురైంది. నా అనుభవం కూడా రెండోదానికే సాక్ష్యం చెబుతుంది. స్థిమితంగా ఉన్న రోజు నేను ఎన్ని దర్వాజలు దాటినా ఏమీ కాదు. బ్యాంకు పని, కరెంటు బిల్లు, మనవడి ఫీజు మూడూ బుర్రలో తిరుగుతున్న రోజున పెరట్లోకి పోయి చేతులు నడుముకు పెట్టుకుని ఆకాశం చూసి వస్తుంటాను.

మళ్లీ కుర్చీలో కూర్చుంటే యాదికి రావడానికి కారణం వేరు. ఏ పరిసరంలో ఒక సంగతిని మనసుకు ఎక్కించుకుంటామో, ఆ పరిసరమే దానిని తిరిగి లాగే కొక్కెం అవుతుంది. 1975లో గాడెన్, బాడ్లీ అనే శాస్త్రవేత్తలు ఈతగాళ్లకు కొన్ని మాటలను ఒడ్డున, కొన్నింటిని నీటి అడుగున నేర్పించి, నీటిలో నేర్చినవి నీటిలోనూ, ఒడ్డున నేర్చినవి ఒడ్డునే ఎక్కువ గుర్తొస్తున్నాయని చూపించారు. మీ కుర్చీ, ఎదురుగా ఉన్న టీవీ, కిటికీలోంచి కనపడే చెట్టు, ఇవన్నీ ఆ ఆలోచన పుట్టినప్పుడు మీ కంటి ముందున్నాయి. తిరిగి కనపడగానే దాన్ని వెంటబెట్టుకుని వచ్చాయి.

దీనికి మరో ముఖం ఉంది, అది వంటింట్లోనే ఎక్కువ తెలుస్తుంది. 1999లో మైకేల్ ల్యాండ్ బృందం తలకు కెమెరా అమర్చి, టీ కాచే మనుషుల చూపు ఎప్పుడు ఎక్కడ పడుతున్నదో లెక్కించింది. చేయి వస్తువును తాకడానికి సుమారు అర సెకను ముందే కన్ను దానిపై వాలుతుంది. చేతిలో పని పూర్తికాకముందే కన్ను తరువాతి వస్తువు మీదికి పోతుంది. పనికి సంబంధం లేని వస్తువుల మీద చూపు దాదాపు పడనే పడదు. పొద్దున టీ పెడుతూ నన్ను నేను గమనించుకున్నాను. గిన్నెలో నీళ్లు ఇంకా పడుతుండగానే నా కళ్లు చక్కెర డబ్బా దగ్గరికి వెళ్లిపోయాయి; చేయి నల్లా కట్టేసే సమయానికి కళ్లు స్టవ్ మీద అగ్గిపెట్టెను వెతుకుతున్నాయి. ఎన్ని చెంచాల చక్కెర వేశానో అంతలోనే అనుమానం వచ్చింది. అది మరుపు కాదు; లెక్క పెట్టుకోవాలని మనసు అసలు చూడనే లేదు, చేతికి కావలసినంత వరకే కన్ను చూసింది.

ఇదే కాలంలో బలార్డ్, హేహో అనే శాస్త్రవేత్తలు రంగు బిళ్లలతో ఒక నమూనాను చూసి అట్లాంటిదే పేర్చమన్నప్పుడు, మనుషులు నమూనాను మనసులో పెట్టుకోకుండా ఒక్కో బిళ్ల కోసం మళ్లీ మళ్లీ దానివైపే చూశారని 1995లో రాశారు. ఎదురుగా ఉన్న లోకమే మనకు పలక; చదివి మనసులో దాచుకోనక్కర లేదు, మళ్లీ చూస్తే చాలు. ఆ పలకను ముందు గదిలో వదిలేసి మీరు వంటింట్లోకి వచ్చారు. అందుకని పలకలో ఒక ముక్కను వెంట తీసుకురండి. మంచినీళ్లకు పోతున్నప్పుడు ఖాళీ గ్లాసు చేతిలో పట్టుకుని పోండి. చేతిలో వస్తువు లేని పని అయితే, "వంటింట్లో ఫ్రిజ్ కనపడగానే పాలు తీస్తాను" అని ఏ వస్తువు కనపడితే ఏ పనో నోటితో ఒకసారి అనుకోండి. కొంగుకు ముడి వేసుకోవడం మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే. కంటికి, చేతికి ఒకేసారి తగిలే గుర్తు అది.

ప్రశ్న: మిర్యాలగూడ. మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. పుస్తకమంతా రంగు పెన్నులతో గీతలే. చదివినది అడిగితే "ఎడమ పేజీలో కింద ఉంది, పక్కన బొమ్మ ఉంది" అంటుంది గానీ విషయం చెప్పదు. కోచింగ్ వాళ్లెవరో ఈమె చూసి నేర్చుకునే రకం అని చెప్పి, వీడియో పాఠాల ప్యాకేజీ కొనమంటున్నారు. కొనమంటారా?

జవాబు: డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఒక్కొక్కరు ఒక్కో రకం, కొందరు కంటితో నేర్చేవారు, కొందరు చెవితో నేర్చేవారు అన్న మాట బాగా ప్రచారంలో ఉంది. 2008లో పాష్లర్ తదితరులు అంతవరకు ఉన్న పరిశోధనలను వడపోసి చూసి, పిల్లలను అట్లా రకాలుగా విడదీసి బోధిస్తే మేలు జరుగుతుందనడానికి తగిన రుజువు లేదని తేల్చారు. బొమ్మలు అందరికీ పనికొస్తాయి, మీ అమ్మాయికొక్కదానికే కాదు.

పేజీలో చోటు గుర్తుండటం నిజమే. చదివినవారికి సంగతి పేజీలో ఎక్కడ ఉందో, ప్రయత్నం లేకుండానే కొంత గుర్తుంటుందని రోత్‌కాఫ్ 1971లోనే చూపించాడు. చూసినదాన్ని గుర్తుపట్టడంలో మనిషి శక్తి అపారం. స్టాండింగ్ అనే శాస్త్రవేత్త 1973లో అచ్చం 10,000 బొమ్మలను కొద్ది రోజుల్లో చూపించి, ఆ తరువాత పాత బొమ్మను కొత్త బొమ్మ పక్కన పెట్టి ఏది చూశావంటే, సుమారు 83 శాతం సరిగ్గా చెప్పగలిగారని లెక్క తేల్చాడు. కానీ గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు. ఈ పేరా చదవడం ఆపి, జేబులో చేయి పెట్టకుండా చెప్పండి: 200 రూపాయల నోటు వెనుక ఏ బొమ్మ ఉంది? 2017 నుంచి మన చేతుల్లో తిరుగుతున్న నోటది. నల్లగొండ బత్తాయి మార్కెట్లో రోజూ వాటి కట్టలు లెక్కపెట్టే ఒక మిత్రుణ్ణి అడిగాను. ముందు ఎర్రకోట అన్నాడు, అది 500 నోటు మీదిది. తరువాత హంపి రథం అన్నాడు, అది 50 నోటు మీదిది. సాంచి స్తూపం అని చెప్పేసరికి నోటు తీసి చూసుకుని తనలో తానే నవ్వుకున్నాడు. నకిలీ నోటును మాత్రం ఆయన వేళ్ల మధ్య తిప్పి పట్టేస్తాడు. నోటు విలువ తేల్చడానికి రంగు చాలు, అంకె చాలు; అంతకు మించి కన్ను ఏమీ దాచలేదు. 1979లో అమెరికాలో నికర్సన్, ఆడమ్స్ అక్కడి పైసా నాణెం బొమ్మను గీయమన్నప్పుడు కూడా ఇదే అయింది: రోజూ వాడే నాణేన్ని సరిగ్గా గీయగలిగినవారు బహు తక్కువ.

మీ అమ్మాయికి పేజీ 200 నోటు లాగా అయింది. రంగు గీతల పేజీ మళ్లీ మళ్లీ కంటపడుతుంటే బాగా పరిచయమైపోయి, వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. రోడిగర్, కార్పికే 2006లో చేసిన ప్రయోగంలో ఒక పాఠాన్ని పదే పదే చదివినవారు ఐదు నిమిషాల తరువాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తరువాత పెట్టిన పరీక్షలో మాత్రం, చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటూ రాసినవారు వారిని దాటిపోయారు. పబ్లిక్ పరీక్ష ఐదు నిమిషాల్లో ఉండదు కదా.

కాబట్టి ఆమె చేత ఒక పని చేయించండి. గుండె బొమ్మ ఉన్న పేజీని ఒక నిమిషం చూసి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద తానే గీసి, గదుల పేర్లు, రక్తం పోయే దారి బాణాలు తానే పెట్టాలి. మొదటిసారి కుడి జఠరిక నుంచి పోయే ధమని బాణం తప్పకుండా ఎటో పోతుంది. అప్పుడు పుస్తకం తెరిచి ఆ ఒక్క తప్పునే చూడాలి. చూసి ఊరుకున్న బొమ్మ కంటే గీసిన బొమ్మ ఎక్కువ నిలుస్తుందని కెనడాలో 2016లో వచ్చిన పరిశోధనలు కూడా చెప్పాయి. రంగు పెన్నులను పారేయనక్కర లేదు; బొమ్మ గీయడానికే వాడమనండి.

ప్రశ్న: నేను అచ్చంపేట వైపు బస్సు నడుపుతాను. శ్రీశైలం ఘాటు దిగేటప్పుడు పక్కన కూర్చున్న కొత్త డ్రైవర్ "అన్నా, వంపుల్లో నువ్వు ఎక్కడ చూస్తవ్?" అని అడిగిండు. జవాబు తోచలేదు. మరుసటి ట్రిప్పులో నా చూపును నేనే గమనిద్దామని చూస్తే స్టీరింగు తడబడింది. ఇంకో సంగతి, ఇంటికొచ్చినంక దోమలపెంట దాటింది కూడా యాదికుండదు కొన్ని రోజులు.

జవాబు: ఆ తడబాటుకు తప్పు పట్టుకోకండి, మళ్లీ ఆ ప్రయోగం మాత్రం చేయకండి. చేయి తిరిగిన పనిలో సొంత కదలికల మీద ధ్యాస పెడితే పని చెడిపోతుంది. మీరు ఎక్కడ చూస్తారో మీకు తెలియకపోయినా ఇతరులు కొలిచారు. 1994లో మైకేల్ ల్యాండ్, డేవిడ్ లీ స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో మలుపుల రోడ్డు మీద డ్రైవర్ల చూపును రికార్డు చేశారు. వంపు లోపలి అంచు మనకు ఎక్కడ వెనక్కి తిరిగినట్టు కనిపిస్తుందో, డ్రైవర్లు మలుపు రావడానికి ఒకటి రెండు సెకన్ల ముందే ఆ చోటు మీద చూపు నిలిపి, మలుపంతా మళ్లీ మళ్లీ అక్కడికే తిరిగి వచ్చారు. వంపు ఎంత తీవ్రమైనదో, బండి పోతున్న దిక్కుకూ ఆ చోటు దిక్కుకూ ఉన్న తేడాను బట్టే తేలిపోతుంది. ఆ తేడానే స్టీరింగు మీది చేతికి అందుతుంది. రాబోయే దారి మీదనే చూపు నిలుపుతారని వాదించే పరిశోధకులూ ఉన్నారు. ఏదైనా, చూపు బండి ముందు బానెట్ మీద కాదు, సెకనో రెండు సెకన్లో ముందుండాలన్నది కొత్త డ్రైవర్‌కు మీరు నిశ్చింతగా చెప్పవచ్చు.

దారి యాదికి లేకపోవడం గురించి: స్టీరింగు తిప్పడానికి చూసిన చూపు ఎప్పటికప్పుడు కరిగిపోయేదేనని పుట్టపాక అమ్మాయికి రాసిన జవాబులో చెప్పాను. మీరు నిద్రలో నడపలేదు. మార్పు ఏమీ లేని ప్రయాణాన్ని మనసు దాచుకోలేదు. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని తేలికగా తీసుకోవద్దు. 1999లో సైమన్స్, షాబ్రిస్ బంతి ఆట వీడియో చూపించి, ఒక జట్టు బంతిని ఎన్నిసార్లు అందించుకుందో లెక్కపెట్టమన్నారు. మధ్యలో గొరిల్లా వేషం వేసుకున్న మనిషి తెర మీదికి వచ్చి, గుండెలు బాదుకుని పోయాడు. దాదాపు సగం మందికి అతను కనపడనే లేదు. కన్ను పడినంత మాత్రాన చూసినట్టు కాదు. నల్లమలలో కోతుల మంద, కట్టెలు తెచ్చే మనిషి మీరు ఎదురుచూడని చోటే రోడ్డెక్కుతారు. ఇంటి గొడవ గానీ, ఫోన్ మాట గానీ మనసును లాగేసిన రోజున కళ్లు రోడ్డు మీదనే ఉన్నా చూపు మాత్రం ఇంట్లో ఉండిపోతుంది.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నాను. మా అమ్మకు ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయి నెల అయింది, రెండో కన్ను ఇంకా చేయించలేదు. అప్పటి నుంచి చాయ్ కప్పు అంచు మీద పోస్తున్నది, మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు తప్పుతున్నది. చూపు బాగైందని అంటూనే ఇట్లా చేస్తున్నది. పై సగం దూరానికి, కింది సగం చదవడానికి ఉండే అద్దాలు వాడుతుంది.

జవాబు: దూరం, లోతు తెలియడానికి రెండు కళ్లు ఇచ్చే బొమ్మల మధ్య తేడా ముఖ్యం. ఒక కన్ను తేటగా, మరొకటి మసకగా ఉంటే ఆ పోలిక కుదరదు. చేతికి దూరం అందించే లెక్క తప్పుతుంది. ఆమెకు వస్తువులు బాగానే కనపడతాయి, పేర్లు చెప్పగలరు, అందుకే చూపు బాగైందంటున్నారు. రెండో కంటి ఆపరేషన్ ఎప్పుడో ఆపరేషన్ చేసిన డాక్టరును అడగండి, ఈ లక్షణాలు కూడా చెప్పండి. ఆపరేషన్ అయిన కంటికి అద్దాల నంబరు మారుతుంది. పాత అద్దాలే వాడుతుంటే ముందు ఆ సంగతి తేల్చండి.

మెట్ల విషయంలో అద్దాల పాత్ర పెద్దది. కింది సగం దగ్గరి చూపుకు ఉద్దేశించినది. మెట్టు దిగుతూ కిందికి చూస్తే పాదం ఉన్నచోటు ఆ కింది సగంలోంచే మసకగా కనపడుతుంది. ఇటువంటి అద్దాలు వాడే వృద్ధులు ఎక్కువగా పడుతున్నారని ఆస్ట్రేలియాలో 2002లో వచ్చిన ఒక పరిశీలన చెప్పింది. నడకకు, మెట్లకు దూరపు చూపు అద్దాలు ఒక జత విడిగా ఇప్పించండి. అంతవరకు తల బాగా వంచి, అద్దం పై సగంలోంచి మెట్టును చూడమనండి, గోడ పట్టుకుని దిగమనండి. చాయ్ పోసేటప్పుడు తెల్ల కప్పు కింద ముదురు రంగు పళ్లెం పెట్టండి, కెటిల్ ముక్కును కప్పు అంచుకు ఆనించి పోయమనండి. అప్పుడు కన్ను తప్పినా చేతి స్పర్శ తప్పదు. మెట్లన్నీ ఒకే రంగు బండలైతే ఏ మెట్టు ఎక్కడ అయిపోయిందో ఆమె కంటికి తెలియదు. గడపకు మీ ఇంట్లో పసుపు రాసే ఉంటారు. ఒక డబ్బా పసుపు రంగు పెయింటు తెచ్చి, ప్రతి మెట్టు అంచుకు రెండు వేళ్ల వెడల్పున గీత గీయించండి, చివరి మెట్టుకు కాస్త వెడల్పుగా.